బోర్డు విప్పి తెచ్చేలా ఉండాలని: కనెక్టర్లు ఎంచుకున్న నా అనుభవం

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక పెద్దాయన స్టార్టర్ పెట్టెను పెట్టెగానే మోటార్‌సైకిల్ వెనక కట్టుకుని మా షాపుకు వచ్చాడు. అనంతపురానికి యాభై కిలోమీటర్ల అవతల ఊరు, చీనీ తోట. రెండు రోజులుగా బోరు ఆడలేదు, పిందె రాలుతోందని ఆయన టెన్షన్. పెట్టె తెరిచి చూస్తే పాడైంది నేను చేసిచ్చిన కంట్రోల్ బోర్డు ఒక్కటే. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్, లోడ్ ఎక్కువైతే ఆపే ఓవర్‌లోడ్ రిలే అన్నీ బాగున్నాయి.

"బోర్డు ఒక్కటి తెచ్చుంటే చాలు కదా పెద్దాయనా, ఇంత బరువు ఎందుకు మోసుకొచ్చారు?" అన్నాను.

"ఎట్ల తెచ్చేది నాయనా? వైర్లన్నీ బోర్డుకు అతికించి ఉండాయి. మా ఊరి మెకానిక్ ముట్టుకోనన్నాడు."

నేను చేసే బోర్డు బోరు మోటారును ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేస్తుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అయిపోయి మోటారు ఉత్తినే తిరిగినా ఆపేస్తుంది. దానికి పద్నాలుగు వైర్లు కావాలి. ఫేజులవి మూడు, స్టార్ట్ రిలేకు రెండు, స్టాప్ రిలేకు రెండు, మోటారు కరెంటు కొలిచే సీటీకి (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) రెండు, ఆటో-మాన్యువల్ స్విచ్చుకు రెండు, పవర్ బోర్డు నుంచి వచ్చేవి మూడు. పద్నాలుగింటినీ నేరుగా బోర్డుకు సోల్డర్ చేసి ఇచ్చేవాణ్ణి. సోల్డర్ అయితే గట్టిగా ఉంటుంది, ఎప్పటికీ ఊడదు అన్నది నా లెక్క. ఊడదీయాల్సిన రోజు ఒకటి వస్తుందని, ఆ రోజు అక్కడ నేను ఉండనని ఆలోచించలేదు.

పాత బోర్డు తీసి కొత్తది అతికించేసరికి గంటన్నర పట్టింది. పెద్దాయన అంతసేపూ షాపు గడప మీదే కూర్చున్నాడు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఇకపై ప్రతి వైరూ ఊడదీసి మళ్లీ పెట్టుకునే కనెక్టర్‌తోనే వెళ్లాలని. అది నెల రోజుల పని అనుకున్నాను. ఏడాదికి పైగా పట్టింది.

మొదట అందరూ వాడేదే వాడాను. మన దగ్గర రెలిమేట్ అంటాం, తెల్ల హౌసింగ్ (పిన్నులు కూర్చునే ప్లాస్టిక్ గూడు), 2.54 మిల్లీమీటర్ల పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం), వెనక చిన్న నాలుక. ఇన్వర్టర్లలో, స్టెబిలైజర్లలో ఎక్కడ చూసినా అవే. చవక, ఏ షాపులో అడిగినా దొరుకుతాయి. తక్కువ వోల్టేజీ వైర్లన్నీ వాటి మీదికి మార్చాను. ఫేజులకు, రిలేలకు మామూలు స్క్రూ టెర్మినల్ బ్లాకులు బోర్డుకే అతికించాను.

రెండు నెలల తర్వాత కొత్త రకం ఫిర్యాదులు మొదలయ్యాయి. "ఫోన్ చేస్తే ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు." బోర్డు తెప్పించి టేబుల్ మీద పెడితే చక్కగా పనిచేస్తుంది. మల్టీమీటర్‌తో చూస్తే ఫోన్ సిగ్నల్ అందుకునే మోడెమ్‌కు 4.0 వోల్టులు స్థిరంగా అందుతున్నాయి. సిమ్మును అనుమానించాను, టవర్‌ను అనుమానించాను, యాంటెన్నా మార్చాను. చివరికి ఒక రైతు దగ్గర నుంచి బోర్డుతో పాటు ఆ వైర్లనూ తెప్పించి, వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్ పెట్టాకే అసలు సంగతి తెలిసింది. 2జీ మోడెమ్ సిగ్నల్ పంపేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదీ ఏకధాటిగా కాదు, ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, 577 మైక్రోసెకన్ల పాటు. మల్టీమీటర్‌కు అది కనబడదు. స్కోప్ మీద మాత్రం 4.0 దగ్గర నడిచే గీత ప్రతి విడతకూ 3.4 దాకా జారి లేస్తోంది. అక్కడికి పడితే మోడెమ్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది.

0.6 వోల్టులు ఎక్కడ పోతున్నాయి? వైరు పొడవు అరడుగు కూడా లేదు. అప్పుడు నేర్చుకున్న పద్ధతి ఇప్పటికీ వాడుతున్నాను. కనెక్టర్ గుండా సరిగ్గా 1 ఆంపియర్ పంపి, దాని రెండు వైపులా మిల్లీవోల్టులు కొలవడం. ఎన్ని మిల్లీవోల్టులు వస్తే అన్ని మిల్లీఓములు. మల్టీమీటర్ ఓమ్స్ రేంజిలో ఇంత చిన్న విలువలు నమ్మదగ్గట్టు రావు. మంచి పిన్నుకు 10 మిల్లీవోల్టుల లోపే వచ్చింది. ఆ రైతు వైరులోని పిన్నుకు దాదాపు 300. రెండు ఆంపియర్లు పోతే 0.6 వోల్టులు, లెక్క సరిపోయింది.

తప్పు కనెక్టర్‌ది కాదు, దాన్ని నేను నొక్కిన తీరుది. అప్పటిదాకా క్రింపింగ్‌ను, అంటే వైరు కొసకు పిన్ను నొక్కి బిగించడాన్ని, మామూలు కటింగ్ ప్లయర్‌తోనే చేసేవాళ్లం. ప్లయర్‌తో నొక్కిన పిన్నొకటి, ఒక స్నేహితుడి దగ్గర, పూర్తిగా నొక్కందే వదలని రాచెట్ క్రింపింగ్ టూల్ తెచ్చి నొక్కిన పిన్నొకటి తీసుకుని, రెండింటినీ అడ్డంగా కోసి, సన్న ఎమెరీ పేపరు మీద అరగదీసి భూతద్దం కింద పెట్టాను. ప్లయర్‌తో నొక్కినదాంట్లో పిన్ను రెక్కలు వైరు పోగుల మీద పడుకున్నాయంతే. లోపల రాగి పోగులు గుండ్రంగానే, విడివిడిగా, మధ్య నల్లటి ఖాళీలతో ఉన్నాయి. ఆ ఖాళీల్లోకి గాలి, తేమ పోతాయి, రాగి నల్లబడుతుంది. రెండోదాంట్లో రెక్కలు రెండూ చుట్టుకుని లోపలికి దిగాయి. పోగులు ఒకదాన్నొకటి ఒత్తుకుని గుండ్రం పోయి తేనెపట్టు గదుల్లా మూలలు తేలాయి. వాటి మధ్య ఖాళీ వెతికినా కనబడలేదు. క్రింప్ అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. పిన్నుకు రెండు జతల రెక్కలు ఎందుకుంటాయో కూడా. ముందు జత రాగిని పట్టుకోవాలి, వెనక జత ఇన్సులేషన్‌ను పట్టుకోవాలి. మేము రెండూ రాగి మీదే నొక్కేవాళ్లం, లేదా రెండూ ఇన్సులేషన్ మీదే.

మరుసటి వారమే టూల్ కొన్నాను. అమెరికా యూఎల్ ప్రమాణంలో 22 గేజి వైరు క్రింపు కనీసం 8 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి, అంటే సుమారు 3.6 కిలోలు. మా షాపులో ఐదు లీటర్ల క్యాన్‌లో నాలుగు లీటర్ల నీళ్లు పోసి, పిన్ను నొక్కిన వైరుతో పైకప్పు కొక్కేనికి తగిలిస్తాం. ప్రతి కొత్త పిన్నుల ప్యాకెట్‌లో మొదటి ఐదింటిని ఆ క్యాన్‌తో పరీక్ష చేయందే మిగతావి నొక్కం.

ఆ తర్వాత ఒకరోజు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి, కనబడిన ప్రతి రకమూ పదేసి తెచ్చాను. అక్కడ ఒక సంగతి తెలుసుకోవడం మంచిది. చిన్న తెల్ల కనెక్టర్ ఏదైనా షాపుల్లో జేఎస్టీ అనేస్తారు. నిజానికి అది ఒక జపాన్ కంపెనీ పేరు. వాళ్ల దగ్గర సిరీస్‌లు చాలా ఉన్నాయి. పీహెచ్ అయితే 2.0 మిల్లీమీటర్ల పిచ్, 2 ఆంపియర్లు. ఎక్స్‌హెచ్ అయితే 2.5, 3 ఆంపియర్లు. వీహెచ్ అయితే 3.96, 10 ఆంపియర్లు. ఈ ఆంపియర్లు కూడా ఆ సిరీస్ పట్టే లావుపాటి వైరు వాడితేనే. సన్న వైరు వేస్తే ఆ అంకె వర్తించదు. పైగా ఒక తయారీదారు హౌసింగ్‌లో ఇంకో తయారీదారు పిన్ను పెడితే లోపల క్లిక్ మనదు, లాగితే వచ్చేస్తుంది. హౌసింగ్, పిన్ను, బోర్డు మీది హెడర్ మూడూ ఒకే తయారీవి తీసుకోవాలి.

2.5కు, 2.54కు తేడా ఎంత అని నేనూ అనుకున్నాను. మూడు పిన్నుల దానికి ఏ ఇబ్బందీ రాలేదు, 2.54 రంధ్రాల్లో ఎక్స్‌హెచ్ హెడర్ హాయిగా కూర్చుంది. డిస్‌ప్లే కోసం పది పిన్నులది పెట్టబోతే చివరి పిన్ను రంధ్రం అంచు మీద ఆగింది. ఒక్కో పిన్నుకు 0.04 చొప్పున తొమ్మిది సందులకు 0.36 మిల్లీమీటర్లు. అప్పటికే యాభై పీసీబీలు, అంటే భాగాలు అతికించని ఉత్త బోర్డులు, తయారై వచ్చి ఉన్నాయి. స్క్రూ రకాల్లోనూ ఇదే తిరకాసు ఉంది. 5.00, 5.08 రెండింటినీ 'ఫైవ్ ఎంఎం' అనే అమ్ముతారు.

ఇన్ని రకాలు తెచ్చాక డేటాషీట్లు ముందేసుకుని కూర్చోకుండా ఒక పని చేశాను. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది అదే. ఒక చెక్క పలక మీద అన్ని రకాలూ బిగించి, మా బోర్డులు ఎక్కువగా వెళ్లే మూడు ఊళ్ల మెకానిక్‌ల దగ్గరికి తీసుకెళ్లాను. సాయంత్రం పొద్దుగూకాక, ఫోన్ టార్చి వెలుగులో, "అన్నా, వీటిని ఊడదీసి మళ్లీ పెట్టండి" అని అడిగి చూస్తూ నిలబడ్డాను.

చేతులు చూశాను. మోటార్లు ఎత్తీ దించీ మొద్దుబారిన వేళ్లు. ఎక్స్‌హెచ్ హౌసింగ్‌ను పట్టుకోవడానికి వాటికి చోటే లేదు. ముగ్గురిలో ఇద్దరు వైర్లు పట్టుకునే లాగారు. ఎవరైనా అలాగే లాగుతారు, పట్టుకోవడానికి ఇంకేముంది అక్కడ? వైరు ఒకటి తెగితే ఏం చేస్తారని అడిగాను. "ఏముందన్నా, ఇన్సులేషన్ గీకి మెలేసి టేపు చుడతాం" అన్నారు. క్రింపింగ్ టూల్ వాళ్ల సంచిలో ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. వాళ్ల సంచిలో ఉండేది స్క్రూడ్రైవరూ టెస్టరూ. ఆకుపచ్చ ప్లగ్ టెర్మినల్ బ్లాకులు మాత్రం ముగ్గురూ చెప్పకుండానే సరిగ్గా పట్టుకుని లాగారు. వైరు స్క్రూ కింద ఉంటుంది, ఆ ప్లగ్ మొత్తం బోర్డు నుంచి ఊడి వస్తుంది. తెగితే స్క్రూ విప్పి మళ్లీ బిగించుకుంటారు. జర్మనీ కంపెనీ ఫీనిక్స్ కాంటాక్ట్ ఈ రకానికి బాగా పేరు, అదే కొలతల్లో వేరేవాళ్లవీ దొరుకుతాయి.

కాబట్టి ఊళ్లో మెకానిక్ చేయి పడే వైర్లన్నీ ప్లగ్ బ్లాకుల మీదికి మార్చాను. తక్కువ వోల్టేజీకి 3.81 పిచ్, ఎక్కువ వోల్టేజీకి 5.08. పిచ్ వేరు కాబట్టి ఒకదాని ప్లగ్ ఇంకోదాంట్లోకి పోదు. పెట్టె లోపల డిస్‌ప్లేకు పోయే కేబుల్‌ను మాత్రం ఎక్స్‌హెచ్‌లోనే ఉంచాను. దాన్ని బయటివాళ్లు ఎవరూ తాకరు, క్రింప్ మా షాపులోనే చేస్తాం.

ఎక్కువ వోల్టేజీ వైపు కాస్త భయంతోనే పనిచేశాను. ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు. 5.08 పిచ్‌లో పక్కపక్కన రెండు ఫేజులు పెడితే, సోల్డర్ ప్యాడ్ల వెడల్పు పోను వాటి మధ్య మిగిలేది రెండున్నర మిల్లీమీటర్లే. అంతర్జాతీయ ఐఈసీ 60664 ప్రమాణం ప్రకారం, మామూలు పీసీబీ మెటీరియల్ తరగతికి 400 వోల్టుల దగ్గర, ఇల్లు, ఆఫీసు లాంటి చోటే 4 మిల్లీమీటర్ల ఉపరితల దూరం కావాలి. దుమ్ము, తేమ ఉన్నచోట 6.3. పొలం గట్టున ఉండే స్టార్టర్ పెట్టెలోకి దుమ్ము ఒక్కటే రాదు. చీమలు పుట్టలు పెడతాయి, బల్లులు కాపురం ఉంటాయి, తెల్లవారుజామున రేకు లోపలి వైపు చెమ్మ పడుతుంది. అందుకే మూడు ఫేజులకు ఐదు పిన్నుల హెడర్ తీసుకుని రెండో పిన్ను, నాలుగో పిన్ను పీకేశాను. పిన్నూ పిన్నూ మధ్య 10.16, ప్యాడ్లు పోను ఏడున్నర.

ఇక్కడే ఇంకో తప్పు బయటపడింది. ఒక వైరు ఆదా అవుతుందని, మూడు ఫేజుల్లో ఒకటైన ఆర్ ఫేజును బోర్డు లోపలే స్టాప్ రిలేకు కలిపి ఉంచాను. రిలే ప్లగ్ ఊడదీసి, అలవాటుగా హెడర్ పిన్ను మీద టెస్టర్ పెట్టాను. టెస్టర్ వెలిగింది! ఫేజు ప్లగ్ ఇంకా పెట్టే ఉంది కాబట్టి, ఊడదీసిన హెడర్‌లో బోడి పిన్ను మీద కరెంటు నిలబడి ఉంది. ఇలాంటి ప్లగ్గుల్లో సప్లై వచ్చే వైపు లోహం ప్లగ్ లోపలే దాగి ఉంటుంది, వేలికి తగలదు. ఆ రక్షణను నేనే చెడగొట్టాను. ఆ డిజైన్‌ను అప్పుడే పక్కన పెట్టాను. ఇప్పుడు రిలే కాంటాక్టులకు బోర్డులో ఇంకే సర్క్యూట్‌తోనూ సంబంధం లేదు. మెయిన్ ఆపకుండా ప్లగ్ లాగొద్దని పెట్టె మూత లోపల తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించాం కూడా. ఇవి కనెక్టర్లు, స్విచ్చులు కావు. లోడ్ మీద లాగితే నిప్పురవ్వ లేచి పిన్ను నల్లబడుతుంది.

స్క్రూ కింద పెట్టే వైరు సంగతి. పోగులు చెదరకుండా కొసకు లెడ్డు (సోల్డర్) పూసి బిగించడం మనవాళ్లందరికీ అలవాటు, నాకూ ఉండేది. బిగించిన రోజు రాయిలా ఉంటుంది. కానీ లెడ్డు మెత్తటి లోహం, ఒత్తిడి కింద నెమ్మదిగా జరుగుతుంది. కొన్ని నెలలకు స్క్రూ వదులవుతుంది. పక్కనే కాంటాక్టర్ రోజూ టక్కుమని కొడుతుంటే ఇంకా త్వరగా. ఇప్పుడు ప్రతి కొసకూ ఫెర్రూల్ వేస్తున్నాం. రాగి గొట్టం లాంటి చిన్న తొడుగు అది, నొక్కితే పోగులన్నీ ఒకటవుతాయి. మెకానిక్ దగ్గర ఫెర్రూల్ లేకపోతే ఉత్త పోగులే మెలేసి బిగించమంటాను, లెడ్డు మాత్రం వద్దు.

అన్నిటికంటే బాధపెట్టింది సీటీ వైరు. మొదట్లో సీటీకి, స్విచ్చుకు రెండింటికీ రెండేసి పిన్నుల కనెక్టర్లే పెట్టాను, బోర్డు మీద పక్కపక్కనే. ఒక ఊళ్లో బోర్డు మార్చినప్పుడు అవి అటుదిటు అయ్యాయి. మోటారు ఆన్ చేయగానే బోర్డు చచ్చిపోయింది. 7.5 హెచ్‌పీ మోటారు సుమారు 11 ఆంపియర్లు తీసుకుంటే, మా సీటీ అందులో వెయ్యో వంతు, 11 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. బోర్డు మీద 100 ఓమ్స్ రెసిస్టర్ గుండా పోయి అది 1.1 వోల్టులు అవుతుంది. ఆ రెసిస్టర్ లేనిచోట పెడితే, సీటీ ఆ కరెంటును ఎలాగైనా పంపాలని చూస్తుంది, వోల్టేజీ ఎగబాకుతుంది. స్విచ్చు ఇన్‌పుట్ నేరుగా బోర్డును నడిపే చిప్పు (మైక్రోకంట్రోలర్) కాలికి పోతుంది. అది తట్టుకోలేదు.

ఆ మెకానిక్ నాతో ఫోన్‌లో, "అన్నా, రెండూ ఒకేలా ఉన్నాయి, చీకట్లో ఏది ఏదో ఎట్ల తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. బోర్డు ఉచితంగా పంపాను.

మొదట రెసిస్టర్‌ను బోర్డు మీద నుంచి తీసేసి, సీటీ దగ్గరే వైర్ల మధ్య సోల్డర్ చేసి స్లీవ్ తొడిగాను. ఇప్పుడు ప్లగ్ ఊడినా, తప్పు చోట పెట్టినా సీటీ కరెంటుకు దారి తెగదు. తర్వాత పిన్నుల సంఖ్య మార్చాను. సీటీకి రెండు, పవర్‌కు మూడు, స్విచ్చుకు నాలుగు. రెండు వైర్లకు నాలుగు పిన్నులు దండగ కాదా అని మా తమ్ముడు అడిగాడు, కాదన్నాను. కానీ పరీక్షిస్తే రెండు పిన్నుల ప్లగ్ నాలుగు పిన్నుల గూట్లో ఒక పక్కగా దూరిపోయింది! సంఖ్య మార్చితే చాలదని అలా తెలిసింది. ఈ బ్లాకులకు కోడింగ్ పిన్నులని చిన్న ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి. అవి హెడర్ గాడిలో పెట్టి, దానికి సరిపోయే ప్లగ్ మీది సన్న గట్టు ఒకటి కోసేస్తే, ఇంకో ప్లగ్ కూర్చోదు. అవి వేశాం. దాంతో పాటు సీటీ హెడర్‌ను బోర్డు అవతలి అంచుకు జరిపి, సీటీ వైరును స్విచ్చు దాకా అందనంత పొట్టిగా కోశాం. ఖర్చు లేని ఈ చివరి పని మీదే నాకు ఎక్కువ నమ్మకం.

ఖర్చు మాట దాచను. సోల్డర్ చేసిన రోజుల్లో సున్నా ఉన్నచోట ఇప్పుడు బోర్డు ఒక్కింటికి కనెక్టర్లకే వంద రూపాయలు దాటుతోంది. ధర పెంచినప్పుడు కొందరు డీలర్లు వెనక్కి వెళ్లారు. కొందరు తిరిగి వచ్చారు, అందరూ కాదు.

పోయిన జూన్‌లో ఆర్టీసీ కార్గోలో ఒక చిన్న పార్సిల్ వచ్చింది. చీనీ తోట పెద్దాయన ఊరి నుంచే. పిడుగు పడి బోర్డు పోయిందట. అట్టపెట్టెలో బోర్డు ఒక్కటే ఉంది, హెడర్ పిన్నులు శుభ్రంగా మెరుస్తున్నాయి, ప్లగ్గులన్నీ ఆయన స్టార్టర్ పెట్టెలోనే వైర్లతో ఉండిపోయాయి. మధ్యాహ్నం బస్సులో వేరే బోర్డు పంపాను. సాయంత్రం ఆరు దాటాక మెకానిక్ ఫోన్ చేసి, పెట్టేశానన్నా, మూడు ఫేజులూ చూపిస్తోంది అన్నాడు.

ఇప్పుడు స్క్రూ బదులు స్ప్రింగ్ ఉండే ప్లగ్గులు చూస్తున్నాను. మీట నొక్కి వైరు దూర్చడమే, వదులయ్యే స్క్రూ లేదు. ఆ మీట మొద్దు వేళ్లకు అందుతుందా, దుమ్ములో రెండేళ్లు గడిచాక కదులుతుందా అన్నది తేలాలి. టేబుల్ మీద ఒక పాత కాంటాక్టర్‌కు స్క్రూ ప్లగ్ ఒకటి, స్ప్రింగ్ ప్లగ్ ఒకటి కట్టి నిమిషానికోసారి కొట్టిస్తున్నాను. ప్రతి ఆదివారం 1 ఆంపియర్ పంపి రెండింటి మిల్లీవోల్టులూ నోట్‌బుక్‌లో రాస్తున్నాను. తొమ్మిది వారాలైంది. స్క్రూది 4 నుంచి 6కు పెరిగింది, స్ప్రింగ్‌ది 5 దగ్గరే ఉంది.